యాక్చువేరియల్ సైన్స్ డిగ్రీ: మూడేళ్ల ఫీజుకు దక్కింది ఏమిటి?

హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నేను బీఎస్సీ గణితం, యాక్చువేరియల్ సైన్స్ (బీమా, పింఛన్ల లెక్కల శాస్త్రం) కోర్సు చదివాను. పట్టా చేతికి వచ్చాక రెండేళ్లుగా ఒక బీమా సంస్థ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి ఇంజనీరింగ్ వద్దనుకున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఈ మధ్య ఈ కోర్సు గురించి తరచుగా అడుగుతున్నారు కనుక, డబ్బు కట్టి, పూర్తిగా చదివి, ఇప్పుడు దాంతోనే బతుకుతున్న మనిషిగా నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. నేను చూసిన లోపాల్లో చాలావరకు ఆ ఒక్క ప్రాంగణానికే పరిమితం కావని, ఇదే కోర్సును వేరేచోట్ల చదివిన స్నేహితులతో మాట్లాడినప్పుడు అర్థమైంది. చేరేముందు ఏం చూసుకోవాలో తెలిస్తే పేరుతో పని లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కోర్సు పేరులో ఉన్న రెండు భాగాల్లో గణితానికి కట్టిన ప్రతి రూపాయీ నాకు గిట్టింది. యాక్చువేరియల్ సైన్స్‌కు కట్టినదాంట్లో సగం కూడా గిట్టలేదు. ప్రచారమేమో అంతా ఆ రెండో భాగం మీదే సాగుతుంది.

యాక్చువరీ అంటే ఎవరో మా ఊళ్లో చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. బీమా సంస్థ ఎవరి దగ్గర ఎంత ప్రీమియం వసూలు చేయాలో, రేపు రాబోయే క్లెయిములు చెల్లించడానికి ఇవాళ ఎంత సొమ్ము పక్కన పెట్టాలో, ఒక పింఛను నిధి ముప్పై ఏళ్ల తర్వాత కూడా నిలబడుతుందో లేదో లెక్కకట్టి, ఆ లెక్కకు బాధ్యత వహిస్తూ సంతకం పెట్టే మనిషి యాక్చువరీ. మా నాన్న ఒంగోలులో ఎల్ఐసీ ఏజెంటు. ఆయన సంచిలో ఎప్పుడూ ప్రీమియం రేట్ల పుస్తకం ఒకటి ఉండేది. ఎడమవైపు వయసు, పైన పాలసీ కాలం, ఆ రెండూ కలిసే గడిలో ఒక అంకె. ఆయన వయసు చెబితే ఆ వరుస మీద వేలు పెట్టుకుని వెళ్లి అంకె చదివి వినిపించడం చిన్నప్పుడు నా పని. ఈ అంకెలు ఎవరు రాస్తారు నాన్నా అని అడిగితే, "పైనుంచి వస్తాయమ్మా" అనేవారు. నేను ఈ కోర్సులో చేరడానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

అడ్మిషన్ల సమయంలో మాకు చెప్పిన మాటల్లో రెండు తప్పుదారి పట్టించేవి ఉన్నాయి. డిగ్రీ చదివితే యాక్చువరీ అయిపోతారన్నది మొదటిది. మన దేశంలో ఆ వృత్తికి 2006 నాటి యాక్చువరీల చట్టం ఆధారం. అర్హత ఇచ్చేది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా అనే సంస్థ, విశ్వవిద్యాలయం కాదు. ముందు ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత, నేను చేరిననాటి పాఠ్యప్రణాళిక ప్రకారం, స్టాటిస్టిక్స్‌కు సీఎస్1, సీఎస్2, బీమా, ఆర్థిక గణితానికి సీఎం1, సీఎం2, వ్యాపార అంశాలకు సీబీ1, సీబీ2, సీబీ3 అని ఏడు మూల పేపర్లు, వాటి మీద వృత్తి ఆచరణకు సంబంధించిన సీపీ వరుసలో మూడు, ప్రత్యేక రంగాల ఎస్పీలో రెండు, చివరికి పై స్థాయి ఎస్ఏలో ఒకటి, మొత్తం పదమూడు దాటితే తప్ప ఫెలో, అంటే పూర్తి అర్హత ఉన్న యాక్చువరీ, కాలేరు. ఇవన్నీ ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ల తరబడి రాసేవి. డిగ్రీ మార్కుల వల్ల కొన్ని పేపర్లకు మినహాయింపు వస్తుందన్నది రెండో మాట. బ్రిటన్‌లో అక్కడి వృత్తి సంస్థ గుర్తించిన కొన్ని విశ్వవిద్యాలయాల విద్యార్థులకు, నిర్ణీత మార్కులు తెచ్చుకుంటే, అలాంటి మినహాయింపులు దొరుకుతాయన్నది నిజం. మా విశ్వవిద్యాలయానికి అలాంటి గుర్తింపు ఏదీ లేదు. రెండో ఏడాదిలో నలుగురం కలిసి విభాగాధిపతి గదికి వెళ్లి, మినహాయింపుకు సంబంధించిన పత్రం ఏదైనా ఉంటే చూపించమని అడిగితే, ప్రయత్నాలు జరుగుతున్నాయన్న జవాబు తప్ప కాగితం రాలేదు. మా బ్యాచ్‌లో ఒక్కరికి ఒక్క పేపరు కూడా మినహాయింపు దక్కలేదు.

ఇక చదువు విషయానికి వస్తాను. ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీలో సూత్రం గుర్తుపెట్టుకుని నిమిషంలో జవాబు పట్టుకోవడమే గణితం అనుకుని వచ్చినవాళ్లం మేము. మొదటి సెమిస్టర్‌లో రియల్ అనాలిసిస్ చెప్పిన మేడమ్ ఆ అలవాటును రెండు వారాల్లో మాన్పించారు. మొదటి తరగతిలోనే బోర్డు మీద ఒకటి, ఒకటిలో సగం, మూడోవంతు, నాలుగోవంతు అంటూ కూడికల వరుస రాసి, దీని మొత్తం ఎక్కడైనా ఆగుతుందా అని అడిగారు. పదాలు సున్నాకు దగ్గరవుతున్నాయి కాబట్టి ఆగుతుందని తరగతి అంతా ఒక్క గొంతుతో చెప్పింది. ఆమె ఏమీ అనకుండా మూడోవంతుకూ నాలుగోవంతుకూ కలిపి ఒక గీత గీసి, ఈ రెండూ కలిస్తే సగం కన్నా ఎక్కువా తక్కువా అన్నారు. తర్వాతి నాలుగింటికీ ఒక గీత, ఆ తర్వాతి ఎనిమిదింటికీ ఒక గీత. ప్రతి గీత కిందా సగానికి మించిన విలువ ఉందని, అలాంటి గీతలకు అంతే లేదని చూసిన క్షణంలో గది నిశ్శబ్దమైపోయింది. మీరు నమ్మినదాన్ని నిరూపించాలి, నిరూపించలేకపోతే వదిలేయాలి అని ఆమె ఆ రోజు చెప్పిన మాటను ఇప్పటికీ ఆఫీసులో ఏ మోడల్ చూసినా గుర్తుచేసుకుంటాను.

ఆ పునాది ఎక్కడెక్కడ పనికొచ్చిందో తర్వాతి సెమిస్టర్లలో తెలిసింది. ఏడాది చివర ఒక రూపాయి చొప్పున ఎప్పటికీ ఆగకుండా వచ్చే ఆదాయానికి, వడ్డీ నాలుగు శాతమైతే, ఇవాళ్టి విలువ సరిగ్గా 25 రూపాయలు. అంతులేని చెల్లింపులకు అంతున్న ధర ఎలా వస్తుందో, శ్రేణులు సరిగా నేర్చుకున్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. లీనియర్ ఆల్జీబ్రాలో మాత్రికల ఘాతాలు వేసీ వేసీ విసుగెత్తాక, ఆరోగ్యం, జబ్బు, మరణం అనే మూడు స్థితుల మధ్య మనిషి ప్రయాణాన్ని మార్కోవ్ చైన్‌గా (ఒక స్థితి నుంచి మరోదానికి మారే అవకాశాల పట్టికగా) రాసి, పదేళ్ల తర్వాత ఎవరు ఏ స్థితిలో ఉంటారో అంచనా కట్టడానికి అవే మాత్రికలు వాడాం. ఇంటర్‌లో లెక్కలకే పరిమితమైన ప్రాబబిలిటీని ఇక్కడ రెండు సెమిస్టర్ల పాటు మొదటి నుంచీ కట్టుకుంటూ వచ్చారు.

మా స్టాటిస్టిక్స్ మాస్టారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాఠాన్ని మనుషులతో ముడిపెట్టి చెప్పడం ఆయన పద్ధతి. మొదటి ఏడాదిలో అందరూ చేసే మాక్లారిన్ శ్రేణి గుర్తుందా, ఆ కాలిన్ మాక్లారినే ఎడిన్‌బరోలో ప్రొఫెసర్‌గా ఉండగా, 1744లో స్కాట్లాండ్ చర్చి మతాచార్యుల వితంతువుల కోసం పెట్టిన నిధి లెక్కలు సరిచూశాడని చెప్పేసరికి, పాఠ్యపుస్తకంలో పేరుగానే తెలిసిన మనిషి మా వృత్తికి పూర్వీకుడయ్యాడు. అంచనా ఎంత మంచిదైనా దాని చాంచల్యం (నమూనా మారితే ఆ అంకె ఊగే తీరు) ఒక హద్దుకు దిగువన పోదని చెప్పే క్రామెర్-రావు పరిమితి వచ్చినప్పుడు, ఆ రావు మన సి.ఆర్. రావు గారేనని, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివి, దాదాపు పాతికేళ్ల వయసులోనే, 1945లో ఆ ఫలితాన్ని ప్రచురించారని, ఆయన పేరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఒక పరిశోధన సంస్థ ఉందని చెప్పి, మరుసటి శనివారం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. సీఎస్1 పేపరు పాఠ్యాంశాల్లో ఆ పరిమితి ఉంది. దాన్ని నేను బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

యాక్చువేరియల్ భాగానికి వస్తే, అది చెడ్డగా మొదలు కాలేదు. వడ్డీ లెక్కలు చెప్పిన మొదటి సెమిస్టర్ బాగానే సాగింది. జీవిత బీమా గణితం మొదలైన రెండో ఏడాదిలో మా చేతికి ఏఎం92 అనే మరణాల పట్టిక ఇచ్చారు. నలభై ఏళ్ల వయసు దగ్గర 9,856 మంది ఉంటే, అరవై దగ్గరికి వచ్చేసరికి 9,287 మంది మిగులుతారని ఆ నిలువు వరుస చెబుతుంది. మధ్యలో తగ్గిన ఆ అయిదు వందల పైచిలుకు మంది కోసమే ఈ శాస్త్రమంతా. ఆ సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్న పక్కన కూర్చుని, నలభై ఏళ్ల మనిషికి పది లక్షల జీవితకాల పాలసీకి నికర ప్రీమియం కట్టి చూపించాను. నాలుగు శాతం వడ్డీకి ఆ పట్టికలో ఒక రూపాయి బీమా విలువ 0.23056, బతికున్నంతకాలం ఏటా కట్టే ఒక రూపాయి విలువ 20.005. మొదటిదాన్ని రెండోదానితో భాగించి పది లక్షలతో గుణిస్తే ఏడాదికి 11,525 రూపాయలు. అదే వడ్డీని ఆరు శాతం చేస్తే ప్రీమియం దాదాపు 7,950కి పడిపోయింది. నాన్న రెండు అంకెలనూ మార్చి మార్చి చూశారు. "మనిషి ఆయుష్షు మారలేదు, వడ్డీ మారితేనే ఇంత తేడానా అమ్మా?" అని అడిగారు. నేను కట్టింది నికర ప్రీమియమేనని, దీని మీద నిర్వహణ ఖర్చులు, ఏజెంటు కమీషను, అనుకోని నష్టాలకు కొంత జాగ్రత్త సొమ్ము కలిపితే పుస్తకంలోని అంకె వస్తుందని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూసి, మడిచి, రేట్ల పుస్తకంలో పెట్టుకున్నారు. మూడేళ్లలో నాకు అంతటి సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

అయితే ఆ లెక్కలో ఒక లోపం ఉందని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. ఏఎం92 అనేది 1991-94 మధ్య బ్రిటన్‌లో బీమా చేయించుకున్న పురుషుల అనుభవం మీద కట్టిన పట్టిక. పరీక్షల్లో అభ్యాసానికి దాన్ని వాడటంలో తప్పులేదు. కానీ మన దేశపు బీమాదారుల కోసం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన 2012-14 పట్టిక ఉందని, 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడి సంస్థలు దాన్నే ప్రామాణికంగా తీసుకుంటున్నాయని మూడేళ్లలో ఒక్క అధ్యాపకుడైనా మాకు చెప్పలేదు. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం నగరంలోనే, గచ్చిబౌలి వైపు, మా ప్రాంగణం నుంచి బస్సులో గంటలోపు చేరేంత దూరంలో ఉంది. అంత దగ్గర్లో ఉండి కూడా అక్కడి నిబంధనల్లో ఒక్క పేజీ తరగతి గదికి రాకపోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

దీనికి కారణం అధ్యాపకులు లేకపోవడం. పరీక్షలు దాటిన యాక్చువరీకి బీమా సంస్థలు ఇచ్చే జీతం విశ్వవిద్యాలయం ఇవ్వలేదు కాబట్టి, నాలుగు పేపర్లు దాటిన వాళ్లు కూడా ఏడాది తిరగకముందే వెళ్లిపోయేవారు. నేను చదివిన మూడేళ్లలో యాక్చువేరియల్ పేపర్లకు ముగ్గురు అధ్యాపకులు మారారు. అయిదో సెమిస్టర్‌లో రిజర్వుల (రాబోయే క్లెయిముల కోసం పక్కన పెట్టే సొమ్ము) పాఠం చెప్పవలసిన గెస్ట్ లెక్చరర్ శనివారాలు మాత్రమే వచ్చేవారు. నెలలో రెండు శనివారాలు అదీ లేదు. ఆయన చెప్పిన రోజున అద్భుతంగా చెప్పేవారు, ఆఫీసులో ఆ వారం ఎదురైన సమస్యనే తెచ్చి బోర్డు మీద పెట్టేవారు. కానీ సిలబస్‌లో మూడోవంతు మిగిలిపోయింది, దాన్ని చివరి పది రోజుల్లో స్లైడ్లు చదివి ముగించారు.

కంప్యూటర్ ల్యాబ్ విషయంలో నా అసంతృప్తి ఇంకా ఎక్కువ. వృత్తి పరీక్షల్లో స్టాటిస్టిక్స్ పేపర్లకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, సీఎం పేపర్లకు ఎక్సెల్‌లో చేసి చూపించాల్సిన భాగం ఉంటుంది. ఆర్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ కాబట్టి నేర్పించడానికి విశ్వవిద్యాలయానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మా ల్యాబ్‌లో జరిగింది ఏమిటంటే, కోడ్ ముద్రించిన కాగితాలు పంచి, వాటిని రికార్డు పుస్తకంలో నీలి ఇంకుతో ఎక్కించమని, అవుట్‌పుట్ పెన్సిల్‌తో గీయమని చెప్పేవారు. గ్రాఫును స్కేలు పెట్టి గీసి సంతకం చేయించుకున్న పేజీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. కంప్యూటర్ ముందు కూర్చుని డేటాను చదివించడం, తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో వెతకడం నేను హాస్టల్ గదిలో, స్నేహితురాలి ల్యాప్‌టాప్ మీద నేర్చుకున్నాను.

హాస్టల్, భోజనం, రవాణా గురించి చెప్పుకోదగ్గ ఫిర్యాదులేమీ లేవు. గ్రంథాలయంలో గణితం పుస్తకాలు సమృద్ధిగా ఉన్నాయి. ఫీజు ఏడాదికి లక్షన్నర దాటింది, హాస్టల్ విడిగా.

వృత్తి పరీక్షల్లో నా ఫలితాలు చూస్తే కోర్సులోని రెండు భాగాల తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సీఎస్1 మూడో ఏడాదిలోనే రాసి మొదటిసారే దాటాను. దానికి విడిగా చేసిన తయారీ రెండు నెలలకు మించదు, మిగతాదంతా తరగతిలో నేర్చుకున్నదే. సీఎం1 మొదటిసారి పోయింది. మా సెమిస్టర్ పరీక్షల్లో నిర్వచనాలు, చిన్న లెక్కలు అడిగేవారు. అసలు పరీక్షలో ఒక పాలసీ కథంతా చెప్పి, ప్రీమియం కట్టి, పదేళ్ల తర్వాత రిజర్వు ఎంతో చెప్పి, ఖర్చులు పెరిగితే ఏమవుతుందో వివరించమంటారు. అలాంటి ప్రశ్నను గడియారం ముందు పెట్టుకుని పూర్తిగా రాసిన అనుభవం నాకు లేదు. పైగా ఆ ఏడాది వృత్తి పరీక్ష తేదీలకు ఇంటర్నల్ పరీక్షలు అడ్డుపడ్డాయి. వాటిని వాయిదా వేయమని రాసిన అర్జీకి జవాబు రాలేదు. ఈ కోర్సు పేరుతో విద్యార్థులను చేర్చుకునే విశ్వవిద్యాలయం ఆ పరీక్షల క్యాలెండర్‌ను ముందుగా చూసుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో సీనియర్లు పాత ప్రశ్నపత్రాలు చేయించిన తర్వాత, రెండోసారి దాటాను.

ఉద్యోగాల మాట. ప్లేస్‌మెంట్ సెల్ మా బ్యాచ్‌కు రెండే సంస్థలను తెచ్చింది, అవి కూడా డేటా ఎంట్రీకి దగ్గరగా ఉండే పనులకు. నా ఉద్యోగం నేనే వెతుక్కున్నాను. బీమా, రీఇన్సూరెన్స్ (బీమా సంస్థలకే బీమా) రంగాల్లోని విదేశీ సంస్థలకు హైదరాబాద్‌లో కార్యాలయాలు ఉన్నాయి కాబట్టి ఆ వెతుకులాట మరీ కష్టం కాలేదు. నేను హాజరైన ప్రతి ఇంటర్వ్యూలోనూ మొదటి ప్రశ్న ఎన్ని పేపర్లు దాటారన్నదే, డిగ్రీ శాతం ఎవరూ అడగలేదు. ఒకచోట మాత్రం, జరిగిన ప్రమాదాలన్నీ వెంటనే క్లెయిములుగా రావు కదా, డిసెంబరులో జరిగిన ప్రమాదానికి మార్చిలో కాగితాలు వస్తే ఆ మూడు నెలలూ సంస్థ ఏ అంకె పెట్టుకోవాలి అని అడిగారు. శనివారాల లెక్చరర్ చెప్పిన పాఠం అక్కడ నన్ను నిలబెట్టింది. ఇప్పుడు నేను చేస్తున్న పని అదే, ఇంకా రాని క్లెయిములకు రిజర్వు కట్టడం. పాత క్లెయిములు త్రిభుజాకారపు పట్టికగా నా ముందుంటాయి, ఖాళీగా ఉన్న మూలను నింపాలి. ఆ పద్ధతి ఒక్క రోజులో వస్తుంది. గత ఏళ్ల తీరే ఈ ఏడూ కొనసాగుతుందని ఎందుకు నమ్ముతున్నావని పై అధికారి అడిగినప్పుడు జవాబు చెప్పడానికి మాత్రం అనాలిసిస్ మేడమ్ నేర్పిన క్రమశిక్షణ కావాలి.

ఎవరు చేరాలన్నదానికి నా సమాధానం ఇది. గణితం అంటే నిజంగా ఇష్టం ఉండి, రుజువు రాయడానికి గంట కూర్చోగలిగిన పిల్లలు చేరవచ్చు, మూడేళ్లూ వృథా కావు. జీతం గురించి విని మాత్రమే వచ్చేవారు మూడో సెమిస్టర్‌కే అలసిపోవడం నా కళ్లతో చూశాను. అరవై మందితో మొదలైన తరగతిలో సగం మంది రెండో ఏడాది చివరికి వృత్తి పరీక్షల ఆలోచనే మానుకున్నారు. ఫీజు భారమయ్యే కుటుంబాలకు నేను మరో దారి సూచిస్తాను. ప్రభుత్వ కళాశాలలో గణితం, స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీలో చేరి, మొదటి ఏడాదిలోనే ఏసెట్ రాసి, రెండో ఏడాది నుంచి సీఎస్1, సీబీ1 వంటి పేపర్లు సొంతంగా చదివితే, ఆ మిగిలిన డబ్బు పరీక్ష ఫీజులకూ పుస్తకాలకూ సరిపోయి ఇంకా చాలా మిగులుతుంది. మా ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే అమ్మాయి అలాగే వచ్చింది, నాకన్నా రెండు పేపర్లు ముందుంది.

అయినా ఈ డిగ్రీలోనే చేరదలచుకుంటే, బ్రోచర్ పక్కనపెట్టి, యాక్చువేరియల్ పేపర్లు చెప్పే వారిలో ఎందరు ఎన్ని పరీక్షలు దాటారో, ఎందరు పూర్తికాల అధ్యాపకులో రాతపూర్వకంగా అడగండి. మినహాయింపు ఉందంటే ఏ పేపరుకు, ఏ సంస్థ ఇచ్చిందో పత్రం చూపించమనండి. రెండో ఏడాది విద్యార్థుల రికార్డు పుస్తకం ఒకటి తిరగేయండి. అందులో కోడ్ చేతిరాతతో ఉందో, నడిపిన ఫలితాలతో ఉందో చూస్తే ల్యాబ్ గురించి వేరే విచారించనక్కర్లేదు. వీలైతే అనాలిసిస్ తరగతిలో వెనక బెంచీలో ఒక గంట కూర్చోనివ్వమని అడగండి.

కిందటి నెలలో స్టాటిస్టిక్స్ మాస్టారిని కలవడానికి ప్రాంగణానికి వెళ్లాను. ఈ ఏడాది నుంచి భారతీయ మరణాల పట్టికను నాలుగో సెమిస్టర్ పాఠంలో చేర్చారని, ల్యాబ్ పరీక్షను కంప్యూటర్ మీదే పెడుతున్నారని చెప్పారు. యాక్చువేరియల్ అధ్యాపకుల పోస్టుల్లో రెండు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అనాలిసిస్ మేడమ్ వచ్చే జూన్‌లో పదవీ విరమణ చేస్తున్నారు, ఆమె స్థానంలో ఎవరు వస్తారో ఇంకా తేలలేదు. చేరబోయేవారు ఆ పేరు కనుక్కున్నాకే ఫీజు కట్టండి.